పిల్లల కథల పుస్తకాలు అరిగిపోవాలి

చాలా శాఖా గ్రంథాలయాల్లో పిల్లల పుస్తకాలు అద్దాల బీరువాలో, తాళం వెనక ఉంటాయి. పుస్తకం పోతే లెక్క చెప్పాల్సింది గ్రంథపాలకులే కాబట్టి ఆ భయం న్యాయమైనదే. కానీ కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017)లో 215వ నియమం చూడండి. ఏడాదిలో పాఠకులు తీసుకున్న ప్రతి 1000 పుస్తకాలకు 5 పోవడం సహజమేనని అది ఒప్పుకుంటుంది, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే చాలు. 1000 రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. మన జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఇది నేరుగా వర్తించదు. అయినా పై అధికారికి రాసేటప్పుడు చూపించడానికి మంచి ఆధారం. బొమ్మల కథ పది చేతులు మారి చిరిగిపోయిందంటే ఆ డబ్బు సద్వినియోగమైనట్టే.

కొనేటప్పుడు పేర్ల సంఖ్య చూసి మురిసిపోకండి. చేతిలో 20,000 రూపాయలు ఉంటే 3,000 పక్కన పెట్టండి, చిరిగినవాటికి బదులు మళ్లీ అవే కొనడానికి. మిగిలిన దాంట్లో బాగా ఆడే పుస్తకాలు రెండేసి, మూడేసి ప్రతులు తీసుకోండి. ఒకరు చదివింది పక్కవాడు వెంటనే అడుగుతాడు, అప్పుడు దొరక్కపోతే మళ్లీ రాడు. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్, తూలిక ప్రచురణల్లో తక్కువ ధరకే మంచి బొమ్మల పుస్తకాలు దొరుకుతాయి. కమిషన్ ఎక్కువిచ్చే నీతికథల సంపుటాలు కొనేముందు మధ్యలో ఒక పేజీ తెరిచి గట్టిగా చదవండి. నాలుక తడబడితే అనువాదం సరిగ్గా లేదన్నమాట. వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తున్నా వద్దు.

ఇక స్థాయిలు. వయసును బట్టి విడదీస్తే నాలుగో తరగతి చదువుతూ ఇంకా గుణింతాల దగ్గరే ఉన్న పిల్లకు చిన్నతనంగా ఉంటుంది. రంగు బిళ్లలు మేలు: మాటల్లేని బొమ్మల పుస్తకాలకు ఎరుపు, వత్తులు దాదాపు లేని చిన్న వాక్యాల కథలకు పసుపు, ద్విత్వ, సంయుక్తాక్షరాలు ధారాళంగా వచ్చే కథలకు ఆకుపచ్చ, అధ్యాయాలున్న నవలలకు నీలం. అన్నిటికంటే కొరతగా ఉండేది పసుపు అరే, కొనుగోలు అక్కణ్నుంచి మొదలుపెట్టాలి.

పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విడదీసే డ్యూయీ వర్గీకరణను యథాతథంగా పాటిస్తే తెలుగు కథలు 894.827 కింద, జానపద కథలు 398.2 కింద పడి రెండు మూలలకు చేరతాయి. కథ కోసం వచ్చిన పిల్లకు ఆ తేడాతో పని లేదు. రిజిస్టర్‌లో వర్గ సంఖ్య అలాగే ఉంచి, అరలో మాత్రం అన్నీ ఒకచోట పెట్టండి. పలచటి పుస్తకానికి వెన్ను ఉండదు, నిలువుగా పేరిస్తే ఏదీ కనిపించదు. ముఖచిత్రం ఎదురుగా ఉండేలా ప్లాస్టిక్ ట్రేల్లో ముప్పయ్యేసి చొప్పున పెట్టి నేలమీద ఉంచితే పిల్లలే తిప్పుకుంటూ ఏరుకుంటారు. ఇంకా కుక్కితే వేళ్లు దూరవు, అట్టలు చిరుగుతాయి. పిల్లలు వెళ్లాక ట్రేలను బల్లమీదికి ఎత్తేయండి, నేల చెమ్మ తగలదు. ముఖచిత్రాన్ని కాలికో (ముతక గుడ్డ) బైండింగ్ కింద పాతిపెట్టొద్దు. పారదర్శకమైన ప్లాస్టిక్ అట్ట చాలు.

పాడవడం ఎక్కువగా పిన్నుల దగ్గర మొదలవుతుంది. కోస్తా గాలికి సెంటర్ పిన్నులు తుప్పుపట్టి, చుట్టూ కాగితాన్ని తినేస్తాయి, నడిమి పేజీలు ఊడిపోతాయి. తుప్పు కనబడగానే పిన్నులు తీసి మూడు రంధ్రాల కుట్టు వేయండి: మడత మధ్యలో ఒకటి, పైనా కిందా అంచుకు అంగుళం లోపల చెరొకటి. మైనం రాసిన దారాన్ని లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి తీసి, పై రంధ్రంలోంచి లోపలికి, అక్కణ్నుంచి కిందిదానిలో బయటికి, మళ్లీ మధ్యలోంచి లోపలికి తెచ్చి, లోపల మడత వెంట ఉన్న పొడవు దారాన్ని పట్టుకునేలా రెండు కొసలూ ముడి వేయాలి. చిరిగిన పేజీకి సెల్లో టేపు మాత్రం వేయకండి. కొన్నాళ్లకు ప్లాస్టిక్ ఊడిపోయి, పచ్చటి జిగురు మరక కాగితంలోనే ఉండిపోతుంది. పలచటి టిష్యూ కాగితం, గంజి జిగురు వాడి, పూర్తిగా ఆరాకే అరలో పెట్టండి. తడి ఉంటే పురుగును పిలిచినట్టే. పిల్లలు కూర్చునే గదిలో నాఫ్తలీన్ ఉండలు వద్దు, ఆ ఆవిరి వాళ్లకు హాని.

‘చిరిగింది’ అని రాసిన ట్రే ఒకటి గుమ్మం దగ్గర ఉంచి, అందులో వేసినవాళ్లకు జరిమానా లేదని చెప్పండి. తిట్లకు భయపడితే పుస్తకం ఇంట్లోనే ఉండిపోతుంది.

ఏటా ఒకసారి, పుస్తకం ఎప్పుడెప్పుడు ఇంటికి వెళ్లిందో చెప్పే తేదీ చీటీలు చూడండి. రెండేళ్లుగా కదలని పుస్తకాన్ని ముందు నెల రోజులు ముఖచిత్రం కనబడేలా పెట్టి చూడాలి. అప్పటికీ కదలకపోతే తీసేయొచ్చు. కులాన్నో, ఒంటి రంగునో, అవిటితనాన్నో వెక్కిరించే పాత కథలకైతే ఆ నెల గడువు కూడా అక్కర్లేదు. 1947 జులైలో మొదలైన చందమామ పాత సంపుటాలు ఉంటే ఇంటికి ఇవ్వకుండా అక్కడే చదివించండి, అవి పోతే మళ్లీ కొనలేం.

తీసేసేవాటికి యాక్సెషన్ నంబరు (రిజిస్టర్‌లో ఒక్కో ప్రతికి ఇచ్చే వరుస సంఖ్య), ధర, కారణం రాసి జాబితా కట్టి, అనుమతి వచ్చాకే రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో కొట్టేయాలి. పుస్తకంలో ముద్ర మీద ‘రద్దు’ అని వేయండి. బదులు కొన్న ప్రతికి కొత్త నంబరే ఇవ్వాలి. పాతదే మళ్లీ వాడితే తనిఖీలో ఆ పుస్తకం రద్దయిందో ఉందో తేలదు.