74 ముద్ర ఉన్న వెంగర్ చాకు

శనివారం. పొద్దున బట్టలు మెషీన్‌లో వేసి పీటర్స్‌ప్లాట్స్‌కి వెళ్ళాను. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో శనివారం వస్తే అక్కడ చెట్ల కింద పాత సామాన్ల సంత ఉంటుంది. గాజు సీసాలు, గ్రామఫోన్ రికార్డులు, ఎవరి తాతలవో ఫోటో ఫ్రేములు, ఏదైనా దొరుకుతుంది. నేను మాత్రం చాకులు పోసి పెట్టిన డబ్బాల దగ్గరే ఆగుతాను. ఇవాళ స్విస్ సైనికుల పాత చాకు ఒకటి దొరికింది. గరుకు అల్యూమినియం పిడి, బ్లేడు మొదట్లో వెంగర్, డెలెమోన్ అని ముద్ర (కంపెనీ పేరు, దాని ఊరు), దాంతోపాటు 74 అన్న అంకె. అది తయారైన సంవత్సరం. బేరం ఆడలేదు. వెంగర్ పేరుతో ఇక చాకులు రావు, కనిపిస్తే వదలబుద్ధి కాదు.

పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్ళతో మురికి వదిలిస్తుంటే నాన్న వీడియో కాల్ చేశారు. చూపించాను. "స్విస్ చాకంటే ఎర్రగా, కత్తెర గిత్తెరతో ఉంటుంది కదరా, ఇదేంటి ఇంత బోసిగా ఉంది?" అన్నారు. ఇంత మంచి ప్రశ్న అడిగాక నేను ఊరుకుంటానా!

సైన్యం ఇచ్చే చాకులో కత్తెర ఎప్పుడూ లేదు. ఈ పాత నమూనాలో ఒక పెద్ద బ్లేడు, తోలుకి కన్నం పొడిచే దబ్బనం లాంటిది, డబ్బా మూత కోసేది, సీసా మూత తీసేది, వాటి కొసల్లోనే స్క్రూడ్రైవర్లు, అంతే. అసలు ఈ చాకు పుట్టిందే డబ్బా తిండి కోసం, 1889 మోడల్ రైఫిల్ విప్పడం కోసం. ఆ రైఫిల్‌కి స్క్రూడ్రైవర్ కావాలి. నాన్న అనుకునే ఎర్ర చాకు 1897లో చాకులు చేసే కార్ల్ ఎల్సెనర్ రిజిస్టర్ చేయించిన ఆఫీసర్ల చాకు. దాన్ని సైన్యం ఇవ్వలేదు, ఆఫీసర్లు సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్ళు. ప్రపంచమంతా గుర్తుపట్టేది మాత్రం దాన్నే.

మొదటి విడత చాకులు స్విస్‌వి కూడా కావు, జర్మనీలోని జోలింగెన్‌లో చేయించారు, ఎందుకంటే అన్ని చాకులు చేసే తాహతు అప్పట్లో ఇక్కడ ఎవరికీ లేదు. 1891లో ఎల్సెనర్ జర్మన్ మాట్లాడే ష్విట్స్ ప్రాంతంలోని ఇబాఖ్‌లో ఆ పని మొదలుపెట్టాడు, తర్వాత విక్టోరినాక్స్ అయింది అదే. 1893లో రెండో కంపెనీ వచ్చింది, పోల్ బొయెషా అండ్ కంపెనీ, ఫ్రెంచ్ మాట్లాడే జురా కొండల వైపు. అందులో మేనేజరుగా ఉన్న థియొడోర్ వెంగర్ తర్వాత కంపెనీని కొనేసి తన పేరు పెట్టాడు. జర్మన్ మాట్లాడే ప్రాంతానికే పని అంతా ఇచ్చారన్న మాట రాకుండా 1908లో ప్రభుత్వం ఆర్డరుని చెరి సగం చేసింది. ఒకటే నమూనా, ఒకటే కొలతలు, రెండు ఊళ్ళు. ఇది నాకు చాలా నచ్చే నిర్ణయం. ఖర్చు లెక్కలు వాళ్ళకి ఏవో ఉండే ఉంటాయి, కానీ ఒకే దేశంలో రెండు భాషల వాళ్ళూ తమ సైనికుల జేబులోకి వెళ్ళే వస్తువుని తామే చేస్తున్నామని అనుకోగలిగారు, అది చిన్న సంగతి కాదు. అమ్మకాల్లో కూడా గొడవ పడకుండా ఒకరు ఒరిజినల్ అని, ఇంకొకరు జెన్యూన్ అని రాసుకున్నారు.

ఎర్ర చాకుల్లో మాత్రం ఎవరి దారి వాళ్ళది, అక్కడే వెంగర్ గొప్పతనం తెలుస్తుంది. విక్టోరినాక్స్ కత్తెరకి సన్నని స్ప్రింగ్ ఉంటుంది, అది విరిగితే వేరేది వేసుకోవాలి. వెంగర్ కత్తెరకి విడి స్ప్రింగే లేదు, చాకు వీపులో ఉన్న స్ప్రింగ్ మీదే ఆనుకుని తెరుచుకుంటుంది, పైగా అంచుకి సన్నని పళ్ళు ఉంటాయి కాబట్టి దారం గానీ గోరు గానీ జారిపోదు. కొత్తిమీర కట్టల దారం, కరివేపాకు ప్యాకెట్టు, పిల్లాడి గోళ్ళు, అన్నిటికీ మా ఇంట్లో అదే. వాళ్ళే 2000ల్లో 87 పనిముట్లు, 141 పనులు అని ఒక రాక్షస చాకు చేసి గిన్నిస్‌కి ఎక్కారు. అది జేబులో పట్టదు, అయినా ఆ ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది.

2001 సెప్టెంబర్ తర్వాత విమానాల్లోకి చాకులు తీసుకెళ్ళనివ్వలేదు, ఎయిర్‌పోర్టు షాపుల్లో అమ్మకాలు పడిపోయాయి. ఆ దెబ్బకి వెంగర్ అప్పుల్లో పడింది. 2005లో విక్టోరినాక్స్ కొనేసింది. బయటివాళ్ళ చేతిలో పడకుండా తోటి కంపెనీయే కొనడం మంచిదేనని నేనూ ఒప్పుకుంటాను. కొన్నేళ్ళు రెండు పేర్లూ నడిచాయి. 2013లో ఇక వెంగర్ పేరుతో చాకులు ఉండవని ప్రకటించారు. డెలెమోన్‌లో ఫ్యాక్టరీ ఆగలేదు, ఎవల్యూషన్ లాంటి వెంగర్ మోడళ్ళు డెలెమోన్ కలెక్షన్ అన్న పేరుతో, విక్టోరినాక్స్ ముద్రతో వచ్చాయి. వెంగర్ అనే పేరు ఇప్పుడు వాచీల మీద, బ్యాగుల మీద ఉంది. చాకులు చేసిన మనిషి పేరు చాకు మీద లేకుండా బ్యాగు మీద ఉండటం నాకు ఎప్పటికీ మింగుడు పడదు. ఊరి పేరు ఉంచారు కదా, పక్కనే ఆ పేరు కూడా ఉంచితే ఏం పోయేది?

నాన్న అంతా విన్నారు. వడ్రంగం పని తెలిసిన మనిషి, పనిముట్టు గురించి చెబితే విసుక్కోరు. "సరే గానీ, ఆ పళ్ళున్న కత్తెర ఉన్నది ఇంకోటి దొరికితే నాకూ తీసుకురా" అన్నారు. పాతది, 85 మిల్లీమీటర్లది, పిడి పగలనిది చూడాలి. వచ్చే శనివారం వాన లేకపోతే పీటర్స్‌ప్లాట్స్, ఉంటే రైలెక్కి డెలెమోన్.