బొమికల చర్చిలో హయాయిడ్ కోసం

గుంటూరులో ఎంబీబీఎస్ మొదటి ఏడాది, సీనియర్ దగ్గర బోన్‌సెట్, అంటే చదువుకోడానికి అసలు మనిషి ఎముకలు, కొనుక్కుని సంక్రాంతి సెలవులకి ఊరికి తెచ్చాను. నాయనమ్మ గడప దాటనివ్వలేదు. "ఎవరి బొమికలో ఏమో, కొట్టంలో పెట్టుకో పో" అంది. ఆ పండగంతా గేదెల పక్కన కూచుని, తొడ ఎముక కుడి కాలిదో ఎడమ కాలిదో చెప్పడం నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ల తర్వాత చెక్ దేశంలో ఓ చర్చి మెట్లు దిగుతుంటే ఆవిడే గుర్తొచ్చింది. ఇక్కడ ఏకంగా గుళ్లోనే పెట్టుకున్నారు నాయనమ్మా!

ఆ ఊరి పేరు కుట్నా హోరా. ప్రాగ్ నుంచి రైల్లో గంట. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వెంటపడి మరీ తీసుకెళ్లాడు. స్టేషన్ నుంచి సెడ్లెట్స్ చర్చికి పది నిమిషాల నడక. తీరా తలుపు దాకా వెళ్లాక, టికెట్లు ఇక్కడ కాదు, అటు వేరే చోట ఇస్తారన్నారు. చలిలో వెనక్కి నడిచాం. ముందే చూసుకోనందుకు వాణ్ణి కాస్త సణిగాను కూడా.

1278లో ఇక్కడి మఠాధిపతి జెరూసలేం వెళ్లి, ఏసుని సిలువ వేసిన గొల్గొతా కొండ మట్టి గుప్పెడు తెచ్చి శ్మశానంలో చల్లాడట. ఇక ఆ నేలలోనే పూడ్చమని ఎక్కడెక్కడి వాళ్లో కోరుకునేవారు. మనవాళ్లు కాశీలో పోవాలనుకోవడం లాంటిదే. పద్నాలుగో శతాబ్దంలో ప్లేగు, ఆ తర్వాత హుస్సైట్ మత యుద్ధాలు. శ్మశానం పట్టలేదు. తవ్వి తీసిన ఎముకల్ని 1511లో చూపు సరిగా ఆనని ఓ సన్యాసి పేర్చాడని చెబుతారు. మొత్తం 40 వేల నుంచి 70 వేల మందివని అంచనా. ఇప్పుడు మనం చూసే అలంకారం మాత్రం 1870 నాటిది. ష్వార్జెన్‌బర్గ్ జమీందారీ కుటుంబం ఫ్రాంటిషెక్ రింట్ అనే వడ్రంగికి, చెక్క మీద చెక్కడాలు చేసేవాడికి, ఆ పని అప్పగించింది.

లోపల నాకు మొదట కనిపించింది రంగు. నా బోన్‌సెట్ చేతులు పడీ పడీ తేనె రంగుకి తిరిగింది. ఇవి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. రింట్ వీటిని క్లోరిన్ కలిపిన సున్నంతో కడిగించాడు. మనం బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడరే అది. మూలల్లో గంట ఆకారంలో ఎముకల గుట్టలు. ఈ మధ్య వాటిని ఒక్కోటీ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ పేరుస్తున్నారు. గోడకి జమీందారుల వంశ చిహ్నం: కాకి ఓ టర్కు సైనికుడి కన్ను పొడుస్తున్నట్టు, అదీ ఎముకలతోనే. ఆ పొగరు నాకు నచ్చలేదు. పక్కనే అద్దాల వెనక ఆయుధాల దెబ్బలు తిన్న పుర్రెలున్నాయి. మా అబ్బాయి అక్కడ ఆగిపోతే, దెబ్బ అంచు ఎక్కడ చూడాలో చెప్పాను. నున్నగా గుండ్రబడితే ఆ మనిషి తర్వాత బతికి, గాయం మానిందన్నమాట. పదునుగా ఉండిపోతే మానేందుకు వ్యవధి దొరకలేదన్నమాట.

అసలు సంగతి నడిమధ్య వేలాడుతున్న షాండ్లియర్. మనిషి ఒంట్లో ఉన్న ప్రతి ఎముకా అందులో కనీసం ఒక్కటైనా ఉందని ప్రసిద్ధి. అది వినగానే నాలోని మొదటి ఏడాది పిల్ల లేచి కూచుంది. తుంటి ఎముకలు సరే. త్రికాస్థి సరే, అయిదు పూసలు అతుక్కుని ఒకే పలకైపోయిన ఎముక, దూరం నుంచే తెలిసిపోతుంది. ఎక్కడ ఏది ఒదుగుతుందో రింట్‌కి మా ప్రొఫెసర్లకి తెలిసినంతా తెలుసు. కానీ 206 ఎముకలంటే మాటలా? చెవి లోపలి స్టేపీస్ మూడు మిల్లీమీటర్లుంటుంది, అది ఎలా కట్టాడు? మరి హయాయిడ్?

హయాయిడ్‌తో నాకు పాత పగ ఉంది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, బయటి నుంచొచ్చిన ఎగ్జామినర్ అడిగాడు, "ఇంకే ఎముకతోనూ అతకని ఎముక ఏది?" అని. నోరు పెగల్లేదు. గది బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే గుర్తొచ్చింది. గుర్రపు నాడా ఆకారంలో, కండరాల మీద ఊయల్లా వేలాడే బుల్లి ఎముక.

మెడ పట్టేసేదాకా వెతికాను. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూద్దామంటే, 2020 నుంచి లోపల ముందస్తు అనుమతి లేనిదే ఫోటోలు తియ్యనివ్వడం లేదు. జనం పుర్రెల మధ్య సెల్ఫీలు దిగడం ఎక్కువైందట. మంచిపనే చేశారనుకోండి, కానీ ఆ రోజు నాకు మహా చిరాకేసింది. కాపలా ఆవిడ రెండుసార్లు నావైపు చూసింది. హయాయిడ్ మాత్రం కనబడలేదు. బయటికొచ్చేటప్పుడు మెట్ల దగ్గర గోడ మీద రింట్ తన పేరూ, ఊరూ, 1870 అనీ చేసుకున్న సంతకం చూశాను. అదీ ఎముకలతోనే.

తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూచున్నాం. "ఇంతకీ ఎక్కడుంటుందమ్మా అది?" అన్నాడు వాడు, సాండ్‌విచ్ నములుతూ. గడ్డం కింద, కంఠమణికి కాస్త పైన, వాడి బొటనవేలూ చూపుడువేలూ అటో పక్కా ఇటో పక్కా ఆనించాను.

"ఇప్పుడు మింగు."

మింగాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"పైకెళ్లిందమ్మా!"

"అదే," అన్నాను. ఇంకో ముక్క కొరికి, వేళ్లు తియ్యకుండానే మళ్లీ మింగాడు.