బావ పౌడరు, బామ్మర్ది మందు

మా బామ్మర్ది టెక్సాస్‌లో ఉంటాడు. వేసవిలో వాడికి రాత్రి ఎనిమిదిన్నర అయితే మాకు పొద్దున ఏడు. ఫోన్ చేసేది అప్పుడే. నేను హన్మకొండలో ఇంట్లో చాయ్ తాగి, మడికొండ దగ్గరున్న షెడ్డుకు బయల్దేరే వేళ.

నాది పౌడర్ కోటింగ్ పని, అంటే ఇనుము మీద రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చడం. బీరువాలు, గేట్లు, స్కూలు బెంచీల ఫ్రేములు. వాడిది సాఫ్ట్‌వేర్. శనివారాలు పిస్టల్ పోటీలకు వెళ్తాడు, 9 ఎంఎం తూటాలు తనే తయారు చేసుకుంటాడు. కాల్చిన ఇత్తడి కేసులు ఏరుకొచ్చి, శుభ్రం చేసి, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ ఎక్కించి, మందు పోసి, పైన బుల్లెట్ బిగిస్తాడు. రీలోడింగ్ అంటారట. అక్కడ అది హాబీ. ఇక్కడ లైసెన్సు లేకుండా చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. కాబట్టి నేను చూసిందంతా వాట్సాప్‌లోనే.

"బావా, ఇది నీ సబ్జెక్టే. జర చూడు" అని అరచేతిలో పది బుల్లెట్లు చూపించాడు. ఎర్రగా, అచ్చం మా షేడ్ కార్డులోని సిగ్నల్ రెడ్.

రాగి తొడుగున్న బుల్లెట్లు ధర ఎక్కువ. ఉత్త సీసం చవక, కానీ మెత్తన. బారెల్‌లోంచి పోతూ గోడలకు అంటుకుంటుంది. తర్వాత దాన్ని గీకి తీయడం పెద్ద పని. పాత పద్ధతిలో మైనం లాంటిది పూసేవాళ్లు, అది పొగ. ఇప్పుడు సీసం మీద రంగు పొర వేసి ఓవెన్‌లో కాలుస్తున్నారు. వీడు అలాంటివే కొన్నాడు. యాభై కాల్చాక చూస్తే బారెల్ మొదట్లో బూడిద రంగు చారలు.

"కోటింగ్ నాసిరకంది బావా" అన్నాడు. నేనూ వెంటనే అవునన్నాను. ఓవెన్‌లో సరిగా కాలలేదు, ఇంకేముంది! మా పౌడరుకు దాదాపు 200 డిగ్రీల దగ్గర పది నిమిషాలు కావాలి. అది ఓవెన్ గాలికి కాదు, లోహానికి తగలాల్సిన వేడి. బరువైన గేటు పెట్టి పది నిమిషాలకే తీస్తే పైన మెరుస్తుంది, లోపల పచ్చిగా ఉంటుంది. సీసం 327 డిగ్రీలకు గానీ కరగదు కాబట్టి బుల్లెట్‌ను కూడా నిదానంగా కాల్చొచ్చు. ఎవడో తొందరపడ్డాడు అనుకున్నాను.

థిన్నర్ గుడ్డతో రుద్దమన్నాను. రంగు దిగలేదు. సుత్తితో కొట్టమన్నాను. గ్యారేజ్ నేల మీద పెట్టి అప్పడంలా చదును చేశాడు. రంగు సాగిందే గానీ పెచ్చు లేవలేదు. నా బెంచీల మీద కూడా అంత మంచి కోటింగ్ ఉందో లేదో.

అంటే ఓవెన్‌లో కాల్చడంలో తప్పు లేదు. మరి పొర ఎక్కడ గీసుకుపోతోంది? తయారైన తూటాలోంచి ఒక బుల్లెట్ వెనక్కి తీసి చూపించమన్నాను. దానికి సుత్తి లాంటి పనిముట్టు ఉంది. తూటాను అందులో పెట్టి నేలకు కొడితే బుల్లెట్ ఊడి వస్తుంది. ఫోటో పంపాడు. నడుము చుట్టూ సన్నటి సీసం గీత, దాని పక్కనే పెన్సిల్ చెక్కిన పొట్టులా ఎర్రటి తోలు. కేసు మూతి అంచు చేసిన పని.

అప్పుడు చెప్పాడు, తూటా బిగించే ప్రెస్సులోని అచ్చులు, అంటే డైలు, రాగి బుల్లెట్లకు పెట్టిన సెట్టింగులోనే ఉన్నాయని. రాగిది సుమారు 9.017 మిల్లీమీటర్ల మందం, ఈ కోటింగ్‌ది 9.042. తేడా 25 మైక్రాన్లు. నేను బీరువాకు వేసే పొరే 60 నుంచి 80, అందుకే నాకు 25 అంటే చిన్న సంగతి కాదు. బుల్లెట్ దిగే ముందు కేసు మూతిని కొంచెం విచ్చుకునేలా చేయాలి, బుల్లెట్ చేత్తో పెడితే గీసుకోకుండా నిలబడేంత. మరీ విప్పితే ఇత్తడి తొందరగా చీలుతుంది. చివర్లో ఆ విచ్చిన మూతిని తిరిగి నిలువు చేయాలి, అంతే. వీడు బలంగా నొక్కేస్తున్నాడు. రాగి తొడుగు కొంత ఓర్చుకుంటుంది. సీసం నలిగి సన్నబడి, బారెల్‌కు వదులైతే వేడి గ్యాస్ పక్క నుంచి దూరుతుంది. చారలకు అదీ ఒక కారణమే.

"మందు ఎంత పోస్తున్నవ్ రా?" అని అడిగాను. వంటింట్లోంచి మా ఆవిడ: "పొద్దుగాల్నే మందు ముచ్చటేంది మీ ఇద్దరికి?" తుపాకీ మందని చెప్తే ఇంకా కంగారుపడింది. ఆ లెక్క మాత్రం వాడు ఆ బుల్లెట్ రకానికీ బరువుకూ ఉన్న పుస్తకం చూసే వేసుకుంటాడు. అందులో బావ సలహా పనికిరాదు, నేనూ ఇవ్వను.

మూతి కాస్త విప్పి, నొక్కుడు తగ్గించాడు. ఒక తూటాను మళ్లీ ఊడదీస్తే ఎరుపు ఎక్కడా చెదరలేదు. తర్వాతి వారం పంపిన బారెల్ ఫోటోలో చారలు లేవు.

నాకేమో నిరుడు తిరిగొచ్చిన గేటు గుర్తొచ్చింది. కీలు దగ్గర రంగు లేచిందని గొడవ. పౌడర్ బాగాలేదని అమ్మినాయనతో తగువు పెట్టుకుని, సరుకు కొనడం మానేశాను. నిన్న షెడ్డు మూలనున్న ఆ గేటు కీలు గొట్టం మీద వేలు పెట్టి చూస్తే అంచు బ్లేడులా ఉంది.

వెల్డరుకు ఫోన్ చేసి, ఇకనుంచి గొట్టం కోశాక అంచుకు ఆకురాయి పట్టమన్నాను. "ఇన్నేండ్లకు యాదికొచ్చిందా అన్నా?" అన్నాడు. పౌడర్ ఆయనకు ఇంకా ఫోన్ చేయలేదు.