ఫ్రెంచి మాస్టారు వినిపించిన బారిటోన్ పాటలు

యానాంలో ఫ్రెంచి నేర్చుకున్న మా తరగతికి ఆ భాషలోని కవిత్వం పాఠ్యపుస్తకం కంటే ముందు పాటగానే చెవిన పడింది. మా మాస్టారు పుదుచ్చేరి నుంచి తెచ్చుకున్న రికార్డులలో ఎక్కువ భాగం బారిటోన్ గాయకులవే. హెచ్చు స్థాయి పురుష గాత్రమైన టెనర్‌కు కింద, మంద్ర గాత్రమైన బాస్‌కు పైన నిలిచే ఆ గాత్రం మామూలుగా మాట్లాడే గొంతుకు దగ్గరగా ఉంటుందనీ, కవి మాటను చెదరనీయకుండా వినిపించగలిగేది అదేననీ ఆయన నమ్మేవారు. ఇన్నేళ్లు విన్న తరువాత నేనూ అదే నమ్ముతున్నాను.

ఫ్రాన్సులో ఈ పాటలను మెలోదీలంటారు. ఒక కవిత, ఒక గాయకుడు, ఒక పియానో. పాటలతో నడిచే నాటకమైన ఒపేరాలో ఉండే వేషం, రంగాలంకరణ ఇక్కడ ఉండవు.

మాస్టారు అన్నింటికంటే మిన్నగా ఎంచింది స్వరకర్త గాబ్రియెల్ ఫోరే 1921లో కూర్చిన 'లోరిజోఁ షిమెరిక్' అనే పాటల గుచ్ఛం. అందులో ఉన్నవి నాలుగే పాటలు. వాటిని రాసిన కవి జాఁ ద లా విల్ ద మిర్మోఁ రేవు పట్టణమైన బోర్డోలో పుట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1914 నవంబరులో యుద్ధరంగంలో మరణించాడు. స్వరపరచేనాటికి ఫోరేకు 76 ఏళ్లు. వినికిడి దెబ్బతిని, స్వరాలు వికృతంగా వినిపించే దశ అది. అంతటి వృద్ధుడు ఆ యువకుడి సముద్ర కాంక్షను ఎంత నిబ్బరంగా అందుకున్నాడో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. నాలుగో పాటలో ఓడలు సాగిపోగా ఒడ్డున మిగిలిన మనిషి, తీరని మహా ప్రయాణాలు తనలో ఉన్నాయంటాడు. అక్కడ గాయకుడు దుఃఖాన్ని ఒలకబోస్తే పాట చెడిపోతుంది.

మొదటి పాట తొలి చరణాన్ని మాస్టారు మా చేత పదేపదే చదివించేవారు. కలలు అనే అర్థంలో వచ్చే 'రెవ్' మాట్లాడేటప్పుడు ఏకాక్షరమే, కానీ పాటలో చివరి మూగ అచ్చుకు కూడా ఒక స్వరం దక్కి రెండక్షరాలవుతుంది. అచ్చుతో ముగిసే మాటలకు అలవాటుపడిన మన తెలుగు నోళ్లు ఆ అచ్చును గట్టిగా పలికేవి. దాన్ని నొక్కకుండా, మింగేయకుండా, ముందున్న అక్షరం ఊపిరిలోనే తేలికగా విడవాలని ఆయన పాడి చూపించేవారు.

మరో స్వరకర్త రవేల్ ఆఖరి రచన అయిన, స్పానిష్ నవలా నాయకుడు దోఁ కిషోత్ (డాన్ క్విక్సోట్) పాటలు మూడూ అప్పట్లో మాకు మరింత సులువుగా నచ్చాయి. గొప్ప బాస్ గాయకుడు షల్యాపిన్ నటించిన సినిమా కోసం మొదలైన ఆ పాటలు అందులో చేరలేదు, ఇబేర్ అనే మరో స్వరకర్త కూర్చినవి చేరాయి. చివరికి 1934లో మార్సియల్ సాంజే అనే బారిటోన్ వాటిని తొలిసారి కచేరీలో పాడాడు. నడిమి పాటలోని ప్రార్థన తరువాత వెంటనే మూడో పాటలో తాగుబోతు నవ్వు పాడవలసి రావడం ఏ గాయకుడికైనా పరీక్షే.

బారిటోన్ గాయకుడు పియేర్ బెర్నాక్ గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. స్వరకర్త పులాంక్ పియానో దగ్గర కూర్చోగా, 1930ల నడుమ నుంచి 1959 వరకు ఇద్దరూ కలిసి కచేరీలు చేశారు; పులాంక్ ఎన్నో పాటలను ఆ గొంతును మనసులో ఉంచుకునే రాశాడు. బెర్నాక్ దగ్గర నేర్చుకున్న జెరార్ సూజే గాత్రం గురువు గాత్రం కంటే మృదువైనది, రికార్డులూ స్పష్టమైనవి. అయినా ఫోరే నాలుగు పాటలకు మాత్రం నేను షార్ల్ పంజెరానే ఎంచుకుంటాను. ఫోరే ఆ కృతిని అంకితమిచ్చింది అతనికే, 1922లో తొలిసారి పాడిందీ అతనే. భార్య మగ్దలెన్ పియానో వాయించగా అతను ఇచ్చిన పాత రికార్డులో గరగర ఎంత ఉన్నా, ఒక్క మాట కూడా జారిపోదు.