వీల్‌చెయిర్ బాల్‌రూమ్: నిలబడ్డవారికే ఎక్కువ నేర్పాలి

వీల్‌చెయిర్ బాల్‌రూమ్ (చక్రాల కుర్చీతో వాల్ట్జ్ లాంటి జంట డాన్సులు ఆడటం) నేర్పడం కొత్తగా మొదలుపెట్టిన టీచర్ల చూపంతా కుర్చీ మీదే ఉంటుంది. రిమ్ (చక్రం పక్కన చేత్తో తోసే వలయం) ఎలా తోస్తున్నారు, ఎటు తిరుగుతున్నారు అని చూస్తూ, పక్కన నిలబడ్డ పార్ట్‌నర్‌ని ‘వాల్ట్జ్ వచ్చిన మనిషేగా’ అని వదిలేస్తారు. జంట చెడేది అక్కడే. ఒకరు కుర్చీలో, ఒకరు కాళ్ల మీద ఆడే జంటను కాంబీ అంటారు. కాంబీ క్లాసులో సగానికి పైగా సమయం నిలబడ్డవారికే పెట్టండి. కూర్చున్నవారికి తమ కుర్చీ రోజంతా అలవాటే. నిలబడ్డవారికి మాత్రం చెయ్యి దొరికితే లాగే అలవాటు ఉంటుంది, ముందు అది మాన్పించాలి.

లాగితే ఏమవుతుందో చూడండి. చేతికి ఇచ్చిన బలం మణికట్టు, మోచెయ్యి, భుజం, వెన్ను, తుంటి, సీటు ఇన్నీ దాటితేగానీ చక్రానికి చేరదు. లాగగానే ముందు మోచేతులు చాచుకుంటాయి, తర్వాత భుజాలు ముందుకొస్తాయి, తర్వాత నడుము వంగుతుంది, ఆ తర్వాతే కుర్చీ ఒక్క కుదుపుతో కదులుతుంది. అప్పటికి తాళం దాటిపోయి ఉంటుంది. పొట్ట, వీపు కండరాలు పనిచేయని వారైతే మనిషి ముందుకు వాలిపోతారు, కుర్చీ ఉన్నచోటే ఉంటుంది. రోజూ రిమ్ తోసి తోసి అసలే అలిసిన భుజాలవి. వాటిని పట్టుకుని గుంజితే డాన్స్ మాట అటుంచి, మర్నాడు మంచం మీంచి కుర్చీలోకి మారడమే కష్టమైపోతుంది.

మాన్పించడానికి సంగీతం లేకుండా ఒక అభ్యాసం చేయించండి. ఇద్దరూ ఎదురెదురుగా. కూర్చున్నవారు రిమ్ వదిలేసి, మోచేతులు పక్కటెముకలకు కాస్త ముందు ఉంచి, అరచేతులు ఛాతీ ఎత్తులో పెడతారు. నిలబడ్డవారు వాటికి తమ అరచేతులు ఆనించి, మధ్యలో ఒక్కో మడత కాగితం పెట్టాలి. ఇప్పుడు చేతులు కదపకుండా, మోకాళ్లు వదులు చేసి, బరువు వెనక కాలి మీంచి ముందు కాలి మీదికి తేవాలి. కుర్చీ దానంతట అదే వెనక్కి దొర్లుతుంది. కాగితం జారిందంటే ఒత్తిడి చాలలేదు. నలిగిందంటే ఎక్కువైంది. కూర్చున్నవారి మోచేతులు వెనక్కి ముడుచుకుంటే లోపం వారి ఫ్రేమ్‌లో, అంటే చేతులు, పైశరీరం నిలిపి ఉంచే తీరులో ఉంది. ఇది కుదిరాక వేళ్ల కొసలు పెనవేసి, అదే పద్ధతిలో బరువు వెనక్కి తీసుకుంటూ కుర్చీని ముందుకు రప్పించాలి. పది నిమిషాల పనిలాగే కనిపిస్తుంది. రెండు మూడు క్లాసులు దీనికే పోయినా తొందరపడవద్దు.

ఒక చెయ్యి పార్ట్‌నర్ చేతిలో ఉన్నప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. కుడి రిమ్ ఒక్కటే తోస్తే కుర్చీ నేరుగా పోదు, ఎడమకు తిరుగుతుంది. కుడిచేత్తో తోసేటప్పుడు ఎడమవైపు అంతే బలం నిలబడ్డవారి నుంచి రావాలి, అదీ అదే తాళం మీద. ఇద్దరి బలాలూ సరితూగితే కుర్చీ గీత గీసినట్టు పోతుంది. నేరుగా పోవడం తేలిక, తిరగడం కష్టం అనుకునేవారికి ఈ ఒక్కటి చేయించి చూపండి.

ఇక తిరగడం. మామూలు 24 అంగుళాల చక్రం వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు. రెండు చక్రాలు నేలను తాకే చోట్ల మధ్య దూరం కూడా చాలా కుర్చీల్లో ఇంచుమించు అంతే ఉంటుంది. అందుకే ఉన్నచోటనే ఒక పూర్తి చుట్టు తిరగడానికి ఒక చక్రం ముందుకు ఒక చుట్టు, రెండోది వెనక్కి ఒక చుట్టు తిరిగితే చాలు. పావు చుట్టుకు పావు చక్రం. కుర్చీని కుడిపక్క నుంచి చూస్తూ చక్రాన్ని గడియారం ముఖం అనుకుంటే, ఒక చెయ్యి 11 నుంచి 2కి తోయాలి, రెండో చెయ్యి 2 నుంచి 11కి లాగాలి. ఒక్క చేతి ఊపుతో పావు చుట్టు వచ్చేస్తుంది. ఒక చక్రాన్ని బిగించి పట్టుకుని రెండోదాన్ని మాత్రమే తోస్తే అదే పావు చుట్టుకు అర చక్రం తిరగాలి, అంటే రెండు ఊపులు. విద్యార్థి ప్రతి మలుపుకీ తాళం వెనకబడుతుంటే ముందు ఆ ఆగిపోయిన చెయ్యి చూడండి.

డాన్స్ కుర్చీలకు చక్రాలు కింద వెడల్పుగా, పైన దగ్గరగా వంగి ఉంటాయి. దాన్ని క్యాంబర్ అంటారు. పక్కకు ఒరగకుండా నిలబెడుతుంది, చేతులు రిమ్ మీదికి సులువుగా దిగుతాయి. కాకపోతే నేల దగ్గర దూరం 60 నుంచి 66 సెంటీమీటర్లయితే, పాత లెక్కలో తోసిన చుట్టు 327 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కుర్చీ మార్చిన విద్యార్థికి స్పిన్లు ఉన్నట్టుండి తక్కువ పడటానికి కారణం ఇదే, మరిచిపోయారని మందలించకండి. క్యాంబర్ మార్చాక మరొకటి కొలవాలి: రెండు చక్రాల మధ్య దూరం యాక్సిల్ (వెనక చక్రాల ఇరుసు) ఎత్తులో ముందువైపు ఎంత, వెనకవైపు ఎంత. రెండూ సమానంగా లేకపోతే టైర్లు నేలను రాసుకుంటూ పోతాయి, తోసిన బలంలో కొంత అక్కడే పోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా డాన్స్ చెడగొట్టేది ముందున్న చిన్న చక్రాలు, క్యాస్టర్లు. ముందుకు పోతున్నప్పుడు అవి తమను పట్టి ఉంచే నిలువు ఇరుసుకు వెనకగా ఒరిగి దొర్లుతాయి. దిశ వెనక్కి మారగానే 180 డిగ్రీలు తిరిగి అవతలి పక్కకు చేరాలి. ఆ తిరిగే క్షణంలో కుర్చీ ముక్కు పక్కకు గుంజుతుంది. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరిగితే ఎటు గుంజుతుందో చెప్పలేం. వాల్ట్జ్‌లో వెనకడుగు మీద జంట ఊగిసలాడటానికి చాలాసార్లు ఇదే మూలం, టీచర్లు మాత్రం ‘ఫ్రేమ్ గట్టిగా’ అని అరుస్తుంటారు. మందు సులువే: నేరుగా వెనక్కి వెళ్లకుండా, అంతకు ముందరి తాళం చివర కుర్చీని ఒక వైపుకు కొద్దిగా, పది పదిహేను డిగ్రీలు తిప్పించి వెనక్కి పోనివ్వండి. రెండు క్యాస్టర్లూ ఒకే వైపుకు తిరుగుతాయి. చిన్న క్యాస్టర్లు త్వరగా తిరుగుతాయి, పెద్దవాటికి చోటు ఎక్కువ కావాలి, ఒక్కోసారి మడమకు తగులుతాయి.

వెనక చక్రాల యాక్సిల్ ముందుకు జరిపేకొద్దీ క్యాస్టర్ల మీద బరువు తగ్గి కుర్చీ తేలిగ్గా తిరుగుతుంది, వెనక్కి పడే ప్రమాదమూ పెరుగుతుంది. ఒకేసారి జరపకండి. సెంటీమీటరు జరిపి, వెనక ఒక మనిషిని ఉంచి, గట్టిగా ఒకసారి తోయించి చూసి, అప్పుడు ఇంకో సెంటీమీటరు. వెనక్కి పడకుండా ఆపే యాంటీ టిప్పర్లు మొదటి నెలల్లో తీయనే వద్దు. నడుము బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకలకు ఆని, తొడ మడత దగ్గర ఉండాలి. పొట్ట మీదికి జారిన బెల్టు మనిషిని ఆపదు, ఊపిరిని మాత్రం ఆపుతుంది.

తాళం సంగతికొస్తే, కాలికి అడుగు ఉంది, చక్రానికి లేదు. వాల్ట్జ్ నిమిషానికి 28–30 బార్లు (తాళపు ఆవర్తాలు), అంటే ఒక ‘తకిట’కు సుమారు రెండు సెకన్లు. కాళ్లు ఆ మూడింటికీ మూడు అడుగులు వేస్తాయి. కుర్చీ ఒకటి మీద తోపు అందుకుని, రెండు మీద జారుతూ, మూడు మీద అదుపులోకి రావాలి. మూడు మీదే చెయ్యి రిమ్ దగ్గరికి చేరి ఉండాలి, ఒకటి వినిపించాక చెయ్యి వెతుక్కుంటే అప్పటికే ఆలస్యం. ప్రతి తాళానికీ తోయమని చెప్పే టీచర్లున్నారు. అది బండి లాగడంలా కనిపిస్తుంది, డాన్స్‌లా కాదు. లేచి దిగే వాల్ట్జ్ ఊపు కూర్చున్నవారికి ఊపిరితోనూ, ఛాతీ పొడవు కావడంతోనూ రావాలి. భుజాలు ఎగరేస్తే మెడ కురచగా కనిపిస్తుంది.

వాల్ట్జ్‌లోనే వేగమైన రకం, వియన్నీస్ వాల్ట్జ్, 58–60 బార్లు. రెండు బార్లకు ఒక చుట్టు, అంటే రెండు సెకన్లలో పూర్తిగా తిరగాలి. పోటీ వీడియోలు చూసి వచ్చినవారు మొదటి రోజే ఇది అడుగుతారు. క్యాస్టర్ల సంగతి చేతికి తెలిసేదాకా వద్దనండి. మొదలుపెట్టడానికి 25–27 బార్ల రంబా (నెమ్మదైన లాటిన్ జంట డాన్స్) నయం, కుర్చీ ఉన్నచోటనే ఉంటుంది. రిమ్‌లను ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి నాలుగు వేళ్ల వెడల్పు కదిపితే నడుము ఊపు వచ్చేస్తుంది.

కరెంటు కుర్చీకి లెక్క వేరు. జాయ్‌స్టిక్ కదిపాక మోటారు అందుకోవడానికి కొంత సమయం పడుతుంది, కాబట్టి కదలిక తాళం కంటే ముందే మొదలవ్వాలి. ఎంత ముందో కుర్చీకో తీరు, ఆ కుర్చీ మీదే లెక్కపెట్టి చూసుకోవాలి. మధ్యలో పెద్ద చక్రం ఉన్నది తన చుట్టూ తాను తిరుగుతుంది. వెనక చక్రం నడిపేదైతే ముందు భాగం, పాదాలతో సహా, చీపురులా పక్కకు ఊడ్చుకుపోతుంది, నిలబడ్డవారు ఆ దారిలో ఉండకూడదు. మనిషితో కలిపి 200 కిలోలు దాటవచ్చు. వేళ్లు బయటికి కనిపించే చెప్పులతో క్లాసుకు రానివ్వకండి.

‘ఎడమకు తిరగండి’ అంటే ఎదురెదురుగా ఉన్న ఇద్దరికీ ఎడమ వేర్వేరు. ‘ఎడమ చక్రం వెనక్కి’ అనండి. అడగకుండా కుర్చీ మీద చెయ్యి వేయకండి, సరిచేయడానికైనా సరే. ఆ కుర్చీ వారి ఒంట్లో భాగమే.

టీచరుకు తప్పనిసరిగా తెలియాల్సిన వైద్య విషయం ఒకటుంది. ఛాతీ వెన్నుపూసల్లో ఆరోదాని దగ్గరగానీ అంతకు పైనగానీ వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా (రక్తపోటు ఉన్నట్టుండి ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు. తల పగిలిపోయేంత నొప్పి, మొహం ఎర్రబడటం, దెబ్బ తగిలిన చోటికి పైన చెమట. నిండిన మూత్రాశయం, మెలిపడ్డ మూత్రపు గొట్టం, బిగిసిన బెల్టు, ఏదైనా కారణం కావచ్చు. పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, బెల్టు, బట్టలు వదులు చేసి, గొట్టం చూసి, నిమిషాల్లో తగ్గకపోతే అంబులెన్స్ పిలవాలి. ఇలాంటివారిలో చాలామందికి చెమట సరిగా పట్టదు కాబట్టి గది చల్లగా ఉంచండి. అర్ధగంటకోసారి పాట ఆపి, సీటు మీద బరువు మార్చుకునే సమయం ఇవ్వండి.

క్లాసు అయ్యాక క్యాస్టర్ల ఇరుసుల్లో చూడండి, వెంట్రుకలు, దారాలు చుట్టుకుని ఉంటాయి, పట్టకారుతో లాగేయాలి. నేల మీద జారడానికి కొందరు చల్లే పౌడరూ అక్కడికే చేరుతుంది. రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో అప్పుడే చూసుకుంటే మేలు: గాలి తగ్గిన వైపుకే కుర్చీ లాగుతుంది, మర్నాడు క్లాసంతా దాన్ని ‘లీడ్ (పార్ట్‌నర్‌ని నడిపించే తీరు) సరిగా లేదు’ అని దిద్దుతూ కూర్చోవాల్సి వస్తుంది.