పీఎన్ఆర్ ఉంది, టికెట్ లేదు

మస్కట్‌లో మా చెల్లి పురిటికి అమ్మానాన్నలను పంపాలని కూకట్‌పల్లిలో తెలిసిన ట్రావెల్ ఏజెంట్ దగ్గర టికెట్లు తీసుకున్నాను. ఇద్దరికీ రానూపోనూ 46,000. ఎయిర్‌లైన్ సైట్‌లో కంటే నాలుగు వేలు తక్కువ. యూపీఐలో కడుతుంటే షాపు పేరు కాకుండా ఎవరిదో పేరు కనిపించింది. "మా బావమరిది అకౌంటే అక్కా" అన్నాడు. ఊరుకున్నాను.

ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందు, నాన్నకు కిటికీ పక్క సీటు పెడదామని ఎయిర్‌లైన్ సైట్‌లో పీఎన్ఆర్ కొట్టాను. అలాంటి బుకింగే లేదని వచ్చింది. అప్పటికే అమ్మ శొంఠిపొడి, కారప్పొడి డబ్బాలకు టేపు చుట్టి పెట్టేసింది. కస్టమర్ కేర్ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది: "సీట్లు హోల్డ్‌లో పెట్టారండి. డబ్బు కట్టకపోవడంతో గడువు దాటగానే రద్దయ్యాయి. టికెట్ ఇష్యూ కాలేదు."

ఏజెంట్ ఇచ్చిన ప్రింటవుట్ తీసి చూశాను. పేర్లు, టైములు, ఆరు అక్షరాల పీఎన్ఆర్, లోగో అన్నీ ఉన్నాయి. 'టికెట్ నంబర్' అన్న చోట మాత్రం ఖాళీ. 13 అంకెల ఆ నంబర్ ఉంటేనే అది టికెట్. మొదటి మూడంకెలు ఎయిర్‌లైన్ కోడ్. పీఎన్ఆర్ అయితే డబ్బు కట్టకముందే వచ్చేస్తుంది. ఈ ముక్క తెలిసుంటే మొదటి రోజే పట్టుకునేదాన్ని.

ఏజెంట్ రెండు రోజులు సర్వర్ ప్రాబ్లమ్ అన్నాడు. మూడో రోజు, క్యాన్సిలేషన్ చార్జీలు పోను 31,000 ఇస్తానన్నాడు. కొననే కొనని టికెట్‌కి క్యాన్సిలేషన్ చార్జీలా! ఒళ్లు మండిపోయింది. 58,000 పెట్టి ఎయిర్‌లైన్ దగ్గరే కొత్త టికెట్లు కొని అమ్మావాళ్లను పంపించాను.

తర్వాత 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. ఏజెంట్ జవాబే ఇవ్వలేదు. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు ఆగాను. దానికీ ఉలుకూ పలుకూ లేదు. ఇక నాంపల్లిలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాను. షాపు వేరే జిల్లాలో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. మాది మెహదీపట్నం. కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయర్‌ని పెట్టుకోవాలన్న నిబంధనా లేదు. యూపీఐ రసీదు, వాట్సాప్ చాట్ ప్రింట్లు, టికెట్ ఇష్యూ కాలేదని ఎయిర్‌లైన్ పంపిన మెయిల్ జత చేశాను. ఆ మెయిలే నా ప్రాణం. అది లేకపోతే నా మాటకు అతని మాట పోటీగా నిలబడేది.

కమిషన్ నోటీసు అందిన వారానికే ఏజెంట్ రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చాడు. 46,000 ఇస్తా, కేసు తీసేయమన్నాడు. ఒప్పుకోలేదు. కొత్త టికెట్లకు అదనంగా పడిన 12,000, ఖర్చులకు 3,000 కూడా అడిగాను. మొత్తం 61,000 అకౌంట్‌లో పడ్డాకే రాజీ మెమో మీద సంతకం పెట్టాను.