అన్న మాట అన్నట్టే రాయించడానికి

2023 మార్చి చివరి వారంలో ఒక మధ్యాహ్నం నల్లగొండలోని మా ఆఫీసులో 41 ఫారాలు నేల మీద పరుచుకుని కూర్చున్నాను. నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పన్నెండు ఊళ్లలో వివక్షకూ, ద్వేషం రెచ్చగొట్టే మాటలకూ వ్యతిరేకంగా రెండేళ్ల ప్రాజెక్టు నడిపే బాధ్యత నాది. మొదటి మూడు నెలల్లో మా కార్యకర్తలు వాడవాడా తిరిగి రాసుకొచ్చిన సంఘటనలు ఆ ఫారాల్లో ఉన్నాయి. ‘ఏం జరిగింది’ అన్న గడిలో ఇంచుమించు అన్నింటిలోనూ ఒకటే వాక్యం: ‘కులం పేరుతో దూషించారు.’ ఎవరు, ఏ మాట అన్నారు, ఎక్కడ నిలబడి అన్నారు, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఏదీ లేదు. నలభై ఒక్కమంది పడ్డ అవమానం మూడు పదాల్లోకి ఇంకిపోయింది.

ఆ వాక్యంతో కేసు నిలబడదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(ఆర్) కావాలని అవమానించడం గురించి, 3(1)(ఎస్) కులం పేరుతో తిట్టడం గురించి చెబుతాయి. రెండింటికీ అది నలుగురూ చూసే చోట జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు అన్న మాట దీని కిందికి రాదని 2020 నవంబరులో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి చోటు కావాలి, విన్నవాళ్లు కావాలి, అన్నిటికంటే ముందు ఆ మాట కావాలి.

ఫారాలన్నీ వెనక్కి ఇచ్చి, అసలు మాటలు రాసుకురమ్మని చెప్పాను. తొందరపడ్డాను. మా కార్యకర్తల్లో అందరికంటే పెద్దావిడ, మహిళా సంఘాల్లో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి, మర్నాడు ఆ కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. “మేడమ్, ఆ మాట పడ్డ రోజు ఆమె అన్నం ముట్టలేదు. ఇప్పుడు నేను పెన్ను పట్టుకుని వెళ్లి ‘ఇంకోసారి అను, రాసుకుంటాను’ అంటే ఏమనుకుంటుంది?” అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే నాకు తర్వాతి ఇరవై నెలల పని అయింది.

పద్ధతి మార్చాం. మొదటిసారి వెళ్లినప్పుడు ఫారం తీయకూడదు. ఎవరితో చెప్పుకోవాలో బాధితులే ఎంచుకుంటారు. రాయగలిగినవారు తామే రాసి కవరులో పెట్టి అంటించి ఇస్తారు. కేసు పెట్టే ఉద్దేశం లేనివారిని ఆ మాట అడగనే అడగం. దీనివల్ల మూడు నెలలకు అరవై సంఘటనలు నమోదు చేస్తామని నిధులిచ్చినవారికి రాసిచ్చిన లెక్క దెబ్బతింది. ఆ త్రైమాసికంలో పదకొండే వచ్చాయి. కారణం వివరిస్తూ నాలుగు పేజీల లేఖ రాశాను, వారు ఒప్పుకున్నారు. సంఖ్య తగ్గినందుకు సంజాయిషీ ఇవ్వాల్సి రావడం కష్టంగానే ఉంది, కానీ ఆ పదకొండింటిలో ప్రతిదానికీ ఒక మనిషి ముఖం ఉంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. మాది విదేశీ నిధి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు, మరో సంస్థకు పంచకూడదు. పాలమూరు వైపు రెండు చిన్న సంఘాలతో కలిసి చేయాలనుకున్న పని ఆ చివరి నిబంధనతో ఆగిపోయింది. ఊరిని మాకంటే బాగా ఎరిగినవారిని దూరంగా పెట్టాల్సి వచ్చిందన్న బాధ నాకింకా ఉంది.

ఊళ్లలో మేం చూసినవాటిలో ఎక్కువగా చెప్పాల్సింది కప్పుల గురించి. దళితులకు వేరే గ్లాసు పెట్టే పాతకాలపు రెండు గ్లాసుల పద్ధతి పోయిందని అధికారులు అంటారు. పోలేదు. చాలా హోటళ్లలో కాగితం కప్పులు వచ్చాయి, అందరికీ అవే ఇస్తే పేచీ లేదు. కానీ కొన్నిచోట్ల లోపల బెంచీ మీద కూర్చున్నవారికి స్టీలు గ్లాసు, బయట చెట్టు కింద నిలబడ్డవారికి కాగితం కప్పు. ఎవరినీ ‘బయట నిలబడు’ అనరు. ఎవరు ఎక్కడ నిలబడాలో అందరికీ ముందే తెలుసు. ఇలాంటి చోట దూషణ ఉండదు, సాక్షి ఉండడు, కాగితం కప్పు సాక్ష్యం కాదు. హోటళ్లలోకి అడుగుపెట్టే విషయంలో కులాన్ని బట్టి అడ్డు చెప్పకూడదని రాజ్యాంగం 15(2) అధికరణం స్పష్టంగా చెబుతుంది, 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. ఊళ్లో ఆ అధికరణాల కంటే ఆ చెట్టు నీడకే బలం ఎక్కువ.

మర్రిగూడ వైపు మరో సంగతి నేర్చుకున్నాను. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. కులమేదైనా, వంగిన కాళ్ల పేరు పెట్టి పిలవడం అక్కడ మామూలైపోయింది. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 92, నలుగురి ఎదుట వైకల్యం ఉన్నవారిని కించపరచడానికి అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష విధిస్తుంది. ఈ సంగతి ఆ ఊళ్లో మాకు కలిసినవారిలో ఒక్కరికీ తెలియదు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు పింఛను కోసమే అనుకుంటున్నారు. గౌరవం కోసం కూడా అది ఆధారమవుతుందని చెప్పినప్పుడు ఒక పెద్దాయన ఆ కాగితాన్ని పెట్టెలోంచి తీయించి, మనవరాలితో మొదటి నుంచి చివరిదాకా చదివించుకున్నాడు.

ఫోను సంగతికి వస్తే, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ప్రతి చెడ్డ మాటా నేరం కాదు. దేన్ని పట్టించుకోవాలో తేల్చుకోవడానికి, ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2012లో రూపొందిన రబాత్ కార్యాచరణ ప్రణాళికలోని ఆరు ప్రశ్నలు తీసుకున్నాం: సందర్భం, అన్నవారి స్థానం, ఉద్దేశం, మాట రూపం, ఎంతమందికి చేరింది, హాని జరిగే అవకాశం. ఒక కుర్రవాడు పంపిన మోటు పరాచికానికీ, ఊళ్లో పెద్దమనిషి దసరాకు ముందు ‘వాళ్ల బండి దగ్గర పండ్లు కొనకండి’ అని ముస్లిం వ్యాపారుల మీద పంపిన సందేశానికీ తేడా ఈ ప్రశ్నలతో మా కార్యకర్తలకు తేలిగ్గా తెలిసింది. రెండోది కొన్ని గంటల్లో ఎనిమిది గ్రూపులకు పాకింది. మేం ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్లి మాట్లాడాం. ఆయన తన గొంతుతోనే దాన్ని వెనక్కి తీసుకుంటూ మరో సందేశం పంపాడు. కేసు అవసరం రాలేదు.

మా ప్రచారానికి దారి చూపింది దగ్గరి అనుభవమే. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాల పుకార్లు పాకినప్పుడు, అప్పటి జోగుళాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లలోకి పంపి, పాటలతో, డప్పులతో జనానికి చెప్పించారు. కరపత్రం కంటే పాట ముందు చేరుతుందని అక్కడే తెలిసింది. మేమూ అదే దారి పట్టాం.

2024 సంక్రాంతికి వచ్చిన కేసు గురించి నేను నిదానంగా చెప్పాలి. హైదరాబాదులో పనిచేసే కొడుకు పండక్కి వచ్చి, తల్లితో కలిసి బస్టాండు దగ్గర హోటల్లో లోపల బెంచీ మీద కూర్చున్నాడు. కాగితం కప్పు వచ్చింది. గ్లాసులో ఇవ్వమని అడిగాడు. కొడుకుతో యజమాని ఏమీ అనలేదు, తల్లిని కులం పేరుతో ఒక మాట అన్నాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు కనీసం పదిమంది విన్నారు. ఆ రాత్రి కొడుకు కప్పు ఫొటో ఊరి గ్రూపులో పెడితే, జవాబుగా అదే మాటతో ఒక వాయిస్ మెసేజ్ వచ్చి, పది నిమిషాల్లో మాయమైంది. అంతలోనే మరొకరి ఫోనులో అది భద్రమైంది. ఆ ఫోనును అలాగే ఉంచమని చెప్పాం. స్క్రీన్‌షాట్ ఒక్కటీ చాలదు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అప్పటి సాక్ష్యాధార చట్టం అడిగే 65బీ ధ్రువపత్రం జతచేయాలి.

మర్నాడు స్టేషన్‌లో ముందు విచారణ చేసి చూస్తామన్నారు. అత్యాచారాల నిరోధక చట్టంలో 2018లో చేర్చిన సెక్షన్ 18ఏ ప్రకారం ఆ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అవసరం లేదని చెప్పాను. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదుల కోసం ఉన్న 14566 హెల్ప్‌లైనుకు కూడా ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. సాయంత్రానికి ఫిర్యాదు తీసుకున్నారు.

స్టేషన్ రైటర్ రాసినది చదివి వినిపించమని అడిగాను. అది దయ కాదు, ఆ చట్టం కింద వచ్చిన 1995 నిబంధనల్లో ఐదోది అదే చెబుతుంది: రాసింది ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలి, ప్రతి ఉచితంగా ఇవ్వాలి. ఆయన చదివాడు: “...సదరు వ్యక్తి నన్ను అసభ్య పదజాలంతో దూషించినాడు...” ఆ తల్లి అప్పటిదాకా తల వంచుకుని ఉంది. అక్కడ ఆపింది.

“అట్లా కాదు సార్. ఆయన అన్న మాట రాయండి.”

రైటర్ నా వైపు చూశాడు. “అక్కా, మీరు బయట ఉండండి. నేను చెబుతాను” అంది ఆమె నాతో. వరండాలో నిలబడ్డాను. లోపల ఆమె గొంతు నెమ్మదిగా, ప్రతి పదం విడివిడిగా వినిపించింది. రైటర్ ఒకచోట ఆగి మళ్లీ అడిగితే, మళ్లీ చెప్పింది. ఆ మాట ఇక్కడ రాయను. అది ఆమె చెప్పాల్సిన చోట చెప్పింది.

తర్వాత దారి సాఫీగా సాగలేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, అరవై రోజుల్లో చార్జిషీటు వేయాలి. మాకు ఐదు నెలలు పట్టింది. ఈలోపు రాజీకి పెద్దమనుషులు మూడుసార్లు వచ్చారు. ఊళ్లో వివక్ష ఉండనివ్వనని మాతో కలిసి ఒట్టు పెట్టుకున్న సర్పంచ్ పదవీకాలం ఫిబ్రవరి ఒకటితో ముగిసి, ఊరికి ప్రత్యేకాధికారి వచ్చాడు. సర్పంచుల మీద నమ్మకంతో వేసుకున్న ప్రణాళిక సగం చెల్లకుండా పోయింది. మే 13న లోక్‌సభ ఎన్నికలు కావడంతో వేసవి సభలు వాయిదా పడ్డాయి. అప్పుడు పట్టుకున్నది పౌర హక్కుల దినాన్నే. ప్రతి నెలా 30న మండల అధికారులు ఏదో ఒక ఊళ్లో జరిపే కార్యక్రమం అది, చాలాసార్లు పంచాయతీ ఆఫీసులో సంతకాలతో ముగుస్తుంది. దాన్ని బస్టాండు దగ్గర, హోటల్ ఎదురుగా జరపమని అర్జీ పెట్టి, రెండు నెలలు తిరిగి ఒప్పించాం.

2024 జూలై ఒకటిన ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మేం అచ్చువేసిన రెండు వేల చిన్న పుస్తకాల్లో నంబర్లు పాతబడ్డాయి. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టే 153ఏ ఇప్పుడు 196, మత విశ్వాసాలను కించపరిచే 295ఏ ఇప్పుడు 299. మళ్లీ అచ్చుకు డబ్బు లేదు. నాలుగు రాత్రులు ఆఫీసులో కూర్చుని కొత్త నంబర్ల చీటీలు అంటించాం. అత్యాచారాల నిరోధక చట్టం మాత్రం మారలేదు, ఆ పేజీల మీద చీటీ అవసరం రాలేదు.

ప్రాజెక్టు 2024 డిసెంబరులో ముగిసింది. కేసు ప్రత్యేక కోర్టులో ఉంది. చివరి నివేదిక కోసం వెళ్లినప్పుడు ఆ తల్లి ఎఫ్ఐఆర్ ప్రతిని రేషన్ కార్డు ఉంచే ప్లాస్టిక్ కవరులోంచి తీసి చూపించింది. మడతలు పడ్డచోట అంటుపట్టీ వేసి ఉంది. కొడుకు చేత ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీయించింది. వాయిదా రోజున వకీలు అడిగితే వెతుక్కోకుండా చూపించాలట.